జెండా ఒకచోట, ఓడ ఇంకోచోట: ఈరీ సరస్సు ఒడ్డున మూడు రోజులు

అమ్మానాన్నలు అమెరికా వస్తే పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం మాకు తప్పనిసరి. ఈసారి దర్శనం అయ్యాక ఇంటికి తిరగకుండా ఐ-79 పట్టుకుని ఉత్తరానికి వెళ్లాం. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఆ రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అదే ఈరీ ఊరు.

నన్ను అక్కడికి లాక్కెళ్లింది ఒక జెండా. అంతకుముందు అనాపొలిస్ నేవల్ అకాడమీలో, మెమోరియల్ హాల్లో దాని నకలు చూశాను. అసలుది కూడా అకాడమీ దగ్గరే భద్రంగా ఉంది. ముదురు నీలం గుడ్డ మీద పెద్ద పెద్ద తెల్లక్షరాలు: 'డోంట్ గివ్ అప్ ద షిప్'. ఓడని వదలొద్దు అని. 'డోంట్'లో పైన ఉండాల్సిన చుక్క (అపాస్ట్రఫీ) లేదు. ఆ లోపమే నాకు నచ్చింది. పలక మీద కాదు, గుడ్డ మీద కత్తిరించి కుట్టారు కదా!

ఆ మాట అన్నది కెప్టెన్ జేమ్స్ లారెన్స్. అమెరికాకీ బ్రిటన్‌కీ యుద్ధం నడుస్తున్న రోజులవి. 1813 జూన్‌లో బోస్టన్ దగ్గర సముద్రంలో బ్రిటిష్ ఓడతో పోరాడి, ఆ గాయాలతోనే పోయాడు. అతని స్నేహితుడు, అమెరికా నౌకాదళ అధికారి ఆలివర్ పెర్రీ అప్పుడు ఈరీలో యుద్ధనౌకలు కట్టిస్తున్నాడు. తన ఓడకి లారెన్స్ పేరే పెట్టాడు. జెండా కుట్టిపెట్టింది ఈరీ ఆడవాళ్లు.

ఈరీ మారిటైమ్ మ్యూజియం ఒకప్పటి పవర్ ప్లాంట్ భవనంలో ఉంది. దాని రేవులోనే పెర్రీ రెండో ఓడ 'నయాగరా' ఉంటుంది. ఇప్పుడున్నది 1988లో కొత్తగా కట్టిన ఓడ, పాత కలప కొంత అందులో చేర్చారు. మాకు అదృష్టం, ఓడ రేవులోనే ఉంది. వేసవిలో తెరచాపలెత్తి ప్రయాణాలకి పోతుంటుంది కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. నాన్నగారిది తాళ్లరేవు. కోరంగి ఓడల కథలు వింటూ పెరిగిన మనిషి. పలకల మధ్య సందులు ఎలా పూడ్చారో వంగి వంగి చూస్తుంటే, అక్కడి వాలంటీరు ఒకాయన పనిమానుకుని వచ్చి ఓపిగ్గా అన్నీ చెప్పాడు. ఆయన ఇంగ్లిష్ నాన్నగారికి సగమే అర్థమైంది, మిగతా సగం చేతులతో మాట్లాడుకున్నారు.

నా మనసు మాత్రం మ్యూజియం లోపలే ఉండిపోయింది. లారెన్స్ ఓడ నడిమి భాగాన్ని అసలు కొలతల్లో కట్టి, దాని చెక్కగోడ మీద ఆనాటి రకం ఫిరంగులతో నిజం గుండ్లు పేల్చి చూశారు. ఆ పగిలిన గోడే అక్కడ పెట్టారు. గుండు దూరిన వైపు బొక్క చిన్నది. లోపలి వైపు ఓక్ చెక్క మూరెడు పేళ్లుగా విచ్చుకుని ఉంది. గుండు తగలని వాళ్లని ఆ పేళ్లు చంపాయి. అమ్మ రెండు నిమిషాలు కూడా నిలబడలేక పక్కకెళ్లి కూర్చుంది.

1813 సెప్టెంబర్ 10న ఈరీ సరస్సు మీద బ్రిటిష్ ఓడలతో జరిగిన యుద్ధంలో లారెన్స్ ఓడ రెండు గంటలకి పైగా ఒంటరిగా దెబ్బలు తింది. దాని ఫిరంగుల్లో ఎక్కువ భాగం దగ్గరికి వెళ్తేనే పనికొచ్చే రకం. నయాగరా సాయానికి దగ్గరకి రాలేదు. ఎందుకు రాలేదన్న తగువు తర్వాత ఏళ్ల తరబడి నడిచింది. లారెన్స్‌లో ప్రతి అయిదుగురిలో నలుగురు చనిపోవడమో గాయపడటమో జరిగింది. అప్పుడు 28 ఏళ్ల పెర్రీ ఆ నీలం జెండా దింపించి, చిన్న పడవెక్కి, గుండ్ల వానలో తెడ్లు వేయించుకుంటూ నయాగరా చేరాడు. పావుగంటలో యుద్ధం తిరగబడింది. 'ఓడని వదలొద్దు' అన్న జెండాని పట్టుకుని అతను ఓడని వదిలాడు. అది సరైన నిర్ణయమే అని నేను నమ్ముతాను. కానీ వెనక మిగిలిన వాళ్లు లొంగిపోతున్నట్టు అమెరికా పతాకం దించాల్సి వచ్చింది. గెలిచాక పెర్రీ మళ్లీ ఆ ఓడ మీదకే వచ్చి శత్రువుల లొంగుబాటు తీసుకున్నాడు. ఆ ఓడలో మిగిలిన తనవాళ్ల కళ్లముందే అది జరగాలని అనుకున్నాడట.

బస విషయం. హైవే పక్కన ఒక హోటల్లో దిగాం. గది శుభ్రమే, కానీ బుకింగ్‌లో చూపిన 'సరస్సు కనిపించే గది' కిటికీ తెరిస్తే పార్కింగే కనిపించింది. అడిగితే మార్చలేదు. పెద్దవాళ్లతో వెళ్తే బేఫ్రంట్ దగ్గరే తీసుకోండి, మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు. శాకాహారానికి పెద్దగా దిక్కులేదు. గుడి పులిహోర రెండో పూట కూడా ఆదుకుంది. ప్రెస్క్ ఐల్ పార్కుకి టికెట్ లేదు, సాయంత్రం అక్కడే గడపండి. ఆ లారెన్స్ ఓడని అక్కడి మిజరీ బేలోనే ముంచి ఉంచారు. 1875లో పైకి తీసి ఫిలడెల్ఫియా ప్రదర్శనకి పంపితే అక్కడ అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

మూడో రోజు ఒహాయో వైపు మూడు గంటలు వెళ్లి, ఫెర్రీలో పుట్-ఇన్-బే దీవికి చేరాం. ఫెర్రీ సర్వీసు బాగుంది, ఇరవై నిమిషాల్లో దింపేశారు. వారాంతం మాత్రం వద్దు, దీవంతా తాగుడూ గోలా. పెర్రీ గెలుపు గుర్తుగా అక్కడ కట్టిన 352 అడుగుల స్తంభం గొప్పదే. లిఫ్ట్ ఎక్కాలన్నా ముందు 37 మెట్లున్నాయి, మోకాళ్ల నొప్పులున్న అమ్మ కింద ఉండిపోయింది. ఒక్కరోజే ఉంటే నేను ఈరీకే ఓటేస్తాను.

స్తంభం కింద నేల రాళ్ల అడుగున, ఆ యుద్ధంలో పోయిన ముగ్గురు అమెరికన్, ముగ్గురు బ్రిటిష్ అధికారులని కలిపి పూడ్చిపెట్టారు. మేం దిగొచ్చేసరికి అమ్మ అక్కడే నిలబడి ఉంది.

"మరి మామూలు వాళ్లనెక్కడ పెట్టార్రా?" అంది.

"సరస్సులోనే అమ్మా. ఆ సాయంత్రమే బరువులు కట్టి వదిలేశారు."

తిరుగు ఫెర్రీలో అమ్మ లోపల సీట్లో కూర్చోలేదు. గాలి కొడుతున్నా రెయిలింగ్ పట్టుకుని నీళ్లే చూస్తూ వచ్చింది.