మిడ్‌వైఫ్‌ల బర్త్ సెంటర్‌లో రెండో కాన్పు: నాలుగు స్టార్లు, ఒకటి కోత

డాక్టర్లు కాకుండా, కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లే నడిపే సెంటర్ ఇది. రూమ్ బాగుంది, నీళ్ళ టబ్ బాగుంది, నొప్పులకి ఎంత అరిచినా ఎవరూ కసరలేదు. ఇవన్నీ మిగతా రివ్యూల్లో చాలామంది రాసేశారు, వదిలేస్తున్నా. ఆసుపత్రి బయట కాన్పు అనగానే ఎవరికైనా వచ్చే టెన్షన్ ఒకటే, మధ్యలో ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారని. నేను చూసిందీ అదే.

మొదట నచ్చింది ఏంటంటే వీళ్ళు అందరినీ చేర్చుకోరు. కవలలైనా, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నా, ముందు సిజేరియన్ అయినా, బీపీ ఎక్కువున్నా నేరుగా ఆసుపత్రికే వెళ్ళమంటారు. నాతోపాటు చెకప్‌లకి వచ్చే ఒకావిడకి ఎనిమిదో నెలలో బీపీ పెరిగితే ఫైలు రాసిచ్చి పంపేశారు, పాపం ఏడ్చింది, కానీ వాళ్ళు చేసిందే రైటు. నా మొదటి కాన్పు మామూలుగానే అయింది కాబట్టి నేను ధైర్యం చేశాను.

మొదటిదా రెండోదా అన్నది చిన్న విషయం కాదండీ. ఇంగ్లండ్‌లో రిస్క్ తక్కువున్న 64,000 మందికి పైగా గర్భిణుల మీద చేసిన బర్త్‌ప్లేస్ అధ్యయనం 2011లో వచ్చింది. అంతకుముందే కాన్పు అయినవాళ్ళు ఇంట్లో కన్నా, సెంటర్‌లో కన్నా, ఆసుపత్రిలో కన్నా బిడ్డల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తొలి కాన్పు ఇంట్లో పెట్టుకున్నవాళ్ళలో మాత్రం బిడ్డకి తీవ్రమైన ఇబ్బంది వెయ్యికి 9.3, ఆసుపత్రిలో 5.3. మిడ్‌వైఫ్‌ల సెంటర్లలో తొలి కాన్పులకి కూడా ఆ పెరుగుదల కనపడలేదు గానీ, ఆసుపత్రికి విడిగా ఉండే సెంటర్లలో చేరిన తొలిచూలు వాళ్ళలో 36 శాతం మందిని నొప్పుల మధ్యలోనో కాన్పు అవగానేనో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది, ముందే కాన్పు అయినవాళ్ళలో అది 9 శాతమే. అదే అమెరికాలోని ఒరెగాన్‌లో 2012, 2013 కాన్పులు చూస్తే, ఆసుపత్రి బయట కనాలనుకున్నవాళ్ళలో బిడ్డ కడుపులోనో, పుట్టిన కొద్ది రోజుల్లోనో చనిపోవడం వెయ్యికి 3.9, ఆసుపత్రిలో 1.8. సిజేరియన్లేమో బయట 5.3 శాతం, ఆసుపత్రిలో 24.7 శాతం. అంటే మిడ్‌వైఫ్ ఎంత మంచిదన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఆవిడకీ ఆసుపత్రికీ మధ్య దారి ఎంత సాఫీగా ఉందో చూడాలి, నాకు అర్థమైంది ఇది.

నొప్పుల్లో పావుగంటకోసారి డాప్లర్‌తో, అంటే పొట్ట మీద పెట్టే చిన్న మెషిన్‌తో, బిడ్డ గుండె చప్పుడు విన్నారు, ముక్కే టైముకి ఐదు నిమిషాలకోసారి. రెండో మిడ్‌వైఫ్ కూడా అప్పటికే వచ్చేసింది, బిడ్డకి ఊపిరి అందకపోతే వాడే బ్యాగు, మాస్కు పక్కనే పెట్టుకున్నారు. పాప పుట్టగానే రక్తం ఎక్కువ పోకుండా నా తొడకి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, మాయ పూర్తిగా వచ్చిందో లేదో తిప్పి తిప్పి చూశారు. నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ ఉండదు, కావాలంటే ఆసుపత్రికి మారాల్సిందే, ఇది ముందే తెలుసుకోండి.

ఒక స్టార్ ఎందుకు కోసానంటే, బ్రోచర్‌లో మామూలు కాన్పుల శాతం పెద్దక్షరాల్లో ఉంది, ఎంతమందిని మధ్యలో పంపారన్న లెక్క ఎక్కడా లేదు. అడిగితే "చాలా తక్కువండీ" అన్నారు. మళ్ళీ గట్టిగా అడిగితే అప్పుడు రిజిస్టర్ తీశారు. ఏ ఆసుపత్రికి పంపుతారు, ఎన్ని నిమిషాలు పడుతుంది, ముందే ఫోన్ చేస్తారా, ఇవన్నీ నేనే ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నా. అంబులెన్స్ ఖర్చు ఎవరిదో మాత్రం ఇప్పటికీ కాగితం మీద రాసివ్వలేదు.