టెలిగ్రాం సేవ: మూతపడ్డాక ఒక సమీక్ష

1855లో ప్రజలకు అందుబాటులోకి వచ్చి, చివరి రోజుల్లో బీఎస్‌ఎన్‌ఎల్‌ చేతుల మీదుగా నడిచిన టెలిగ్రాం (తంతి) సేవ 2013 జులై 15 నుంచి మన దేశంలో లేదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో దాన్ని వాడుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది కనుక, కేవలం వేగాన్ని బట్టి ఆ సేవను తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మద్రాసులో కొట్టిన మాటలు తీగ మీద నెల్లూరు చేరడానికి ఎంతోసేపు పట్టేది కాదు. అయితే తంతి బంట్రోతు సైకిలు మీద ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, రసీదు మీద సంతకం చేయించుకున్నప్పుడే వార్త అందినట్టు లెక్క. పట్టణంలో ఈ పని చక్కగా సాగేది. ఉదయగిరి వైపు మెట్ట పల్లెలకు మాత్రం దగ్గరలోని తంతి ఆఫీసు నుంచి మనిషో, మామూలు టపానో రావలసిందే కాబట్టి, ఎక్స్‌ప్రెస్‌ కోసం ఎక్కువ రుసుము కట్టినా ఆ కొద్ది మైళ్ల దగ్గరే ఆలస్యమయ్యేది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఆ కాగితం. తీగ మీద వచ్చిన మాటలను అచ్చువేసే టెలిప్రింటర్‌ నుంచి వచ్చిన సన్నని పట్టీలను ముక్కలు చేసి ఫారం మీద జిగురుతో అంటించేవారు; పై వరుసలో ఏ ఊరి నుంచి, ఏ తేదీన, ఏ వేళకు బయలుదేరిందో, అందులో మొత్తం ఎన్ని మాటలున్నాయో రాసి ఉండేది. దారిలో ఒక మాట జారిపోతే ఆ లెక్కే పట్టించేది. సైనికుల సెలవు పొడిగింపుకైనా, కోర్టులో సాక్ష్యానికైనా ఆ కాగితం పనికొచ్చిందంటే కారణం ఈ జాగ్రత్తే. పెళ్లి శుభాకాంక్షల వంటి వాటికి వాక్యాలన్నీ రాయనక్కరలేకుండా, ఆ వాక్యానికి ముందే కేటాయించిన అంకె వేస్తే సరిపోయే ఏర్పాటూ మెచ్చదగినదే.

పెద్ద లోపం భాషది. మన ఊళ్లకు వచ్చే తంతి సాధారణంగా ఇంగ్లీషులో ఉండేది. 'ఫాదర్‌ సీరియస్‌, స్టార్ట్‌ ఇమ్మీడియట్లీ' అని వస్తే కన్నకొడుకు దాన్ని పట్టుకుని బడిపంతులు దగ్గరకు పరుగెత్తాలి. చదివిన పంతులైనా తండ్రి బతికి ఉన్నాడో లేదో చెప్పలేడు, ఎందుకంటే పోయినవారి విషయంలోనూ తట్టుకోలేరని 'సీరియస్‌' అనే కొట్టించేవారు. మాటకింత అని వసూలు చేసే పద్ధతిలో ఇంకో వాక్యం రాయించుకునే స్తోమత అందరికీ ఉండేది కాదు. పట్టణాల్లో చేరవేతకూ, నమ్మకానికీ నిండు మార్కులు వేస్తాను గానీ, ఈ విషయంలో మాత్రం వేయలేను.