సుభాష్ రోడ్డు సందులో పాత పుస్తకాల కొట్టు: సంజీవరెడ్డి గారి కోసం వెళ్లిన మూడు వారాలు

అనంతపురం సుభాష్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో బోర్డు లేని పాత పుస్తకాల కొట్టు ఉంది. గుమ్మం పక్కన పోటీ పరీక్షల గైడ్లు పురికొసతో కట్టి పేర్చి ఉంటాయి. అవి చూసి చాలామంది గైడ్ల కొట్టే అనుకుని ముందుకు సాగిపోతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే సాగిపోయాను. ఈ వేసవిలో మాత్రం మూడు వారాల పాటు దాదాపు ప్రతి ఉదయం అక్కడే గడిపాను. నాకు దొరికింది అవసరమైన మరొకరికీ దొరకాలని ఇది రాస్తున్నాను.

నేను 1983లో ఆర్టీసీలో కండక్టరుగా చేరి 2013లో రిటైరయ్యాను. ఎక్కువ కాలం చేసింది అనంతపురం–కర్నూలు రూటు. గార్లదిన్నె, పామిడి, గుత్తి, డోన్, వెల్దుర్తి, ఈ స్టేజీల పేర్లు నిద్రలో లేపి అడిగినా వరుసగా చెబుతాను. గార్లదిన్నెలో ఇల్లూరు వాళ్లు ఎక్కేవారు. అది ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, తర్వాత రాష్ట్రపతి కూడా అయిన నీలం సంజీవరెడ్డి గారి ఊరు. ఇంటర్ చదువుతున్న మా మనవరాలిని కాలేజీలో ఆయన మీద ఉపన్యాసం చెప్పమన్నారు. ఫోనులో వెతికితే పుట్టింది 1913 మే 19, ఆ తర్వాత పదవులు వరుసగా వచ్చాయి. "తాతయ్యా, 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారని ఒకే ముక్క రాశారు. బస్సుల గొడవ అని ఉంది. నువ్వు బస్సుల్లోనే పనిచేశావు కదా, ఏం జరిగింది?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ముప్పై ఏళ్లు నాకు అన్నం పెట్టిన సంస్థ 1958లో ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే ఏర్పడింది. ఆయన ఆ కుర్చీ దిగిపోవడానికీ బస్సులే కారణమని లీలగా విన్నాను గానీ సంగతి తెలియదు. మరునాడే ఈ కొట్టుకు వెళ్లాను.

కొట్టు నడిపే ఆయనకు యాభై ఏళ్లు ఉంటాయి. తండ్రి పెట్టిన కొట్టు అది. ఏం కావాలో చెప్పగానే అరల వైపు వెళ్లకుండా నన్ను కూర్చోమని, "సార్, మీకు ఆయన గొప్పతనం కావాలా, ఆయన కథ కావాలా?" అని అడిగాడు. కథే కావాలన్నాను. గంటసేపు నిచ్చెన ఎక్కుతూ దిగుతూ నా ముందు రెండు దొంతరలు పెట్టాడు. ఎడమ వైపు ఆయనను మెచ్చినవాళ్ల రాతలు, అభినందన సంచికలు, కాంగ్రెస్ వాళ్ల జ్ఞాపకాలు. కుడి వైపు ఆయనను వ్యతిరేకించినవాళ్లవి: కమ్యూనిస్టుల కరపత్రాలు, తెలంగాణ వాదుల పుస్తకాలు, చట్టం చదివేవాళ్ల కోసం వేసిన ఒక తీర్పుల సంపుటి. రెండింటికీ మధ్య ఆ కాలపు దినపత్రికల బైండింగులు. ఏ రోజు ఎడమ వైపు ఏది చదివితే కుడి వైపు ఏది చదవాలో చిన్న చీటీ మీద రాసిచ్చాడు. ఈ చీటీకి ఆయన పైసా తీసుకోడు. నా మటుకు ఈ కొట్టులో అన్నిటికన్నా విలువైనది అదే.

మొదటి వారం బాల్యం, యువకుడిగా చేసిన పనులు చదివాను. ఇల్లూరులో రైతు కుటుంబం. హైస్కూలు చదువు మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి బడిలో, తర్వాత మన అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చారు. ఆ రాక ఈ కుర్రాడిని కదిలించింది. విదేశీ బట్టలు విడిచి ఖద్దరు కట్టాడు, 1931లో చదువే మానేసి ఉద్యమంలోకి వెళ్లాడు. ఆ కాలేజీ గేటు ముందు నుంచి నేను కొన్ని వేల సార్లు వెళ్లి ఉంటాను. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు అక్కడ చదువు వదిలేసి బయటికి నడవడాన్ని ఏనాడూ ఊహించుకోలేదు. ఇంట్లో ఏమన్నారో, రైతు తండ్రి ఎంత బాధపడ్డాడో ఈ పుస్తకాల్లో లేదు. అది కూడా ఎవరైనా రాసి ఉంటే బాగుండేది.

తర్వాత ఆయన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, పదేళ్ల పాటు ఆ పని చేశారు. 1940 నుంచి 1945 దాకా ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. అమరావతి జైలు, మన గుంటూరు అమరావతి కాదు, మహారాష్ట్ర వైపుది. అక్కడ ప్రకాశం పంతులు, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి గార్లతో కలిసి ఉన్నారు. చివరి పేరు చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఆ గిరి గారే 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ఆయనను ఓడించారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి గారు. ఇందిరా గాంధీ మాత్రం అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరి గారికి 4,20,077, ఈయనకు 4,05,427. ఒకే జైలు గోడల మధ్య ఉన్న ఇద్దరి మధ్య తేడా 14,650. పార్టీ చీలికకు దారితీసిన ఆ ఎన్నికను ఢిల్లీ సంగతిగానే అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ జైలే కళ్ల ముందు మెదిలింది.

రెండో వారంలో కుడి వైపు దొంతర బరువు తెలిసింది. 1951లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్.జి. రంగా గారిపై పోటీ చేసి గెలిచారు. ఆ పోటీ మిగిల్చిన చేదు చిన్నది కాదు. ప్రకాశం, రంగా వంటి పెద్దలు కాంగ్రెస్ వదిలి వేరే పార్టీలు పెట్టుకున్నారు. పెద్దలను బయటికి నెట్టి పైకి వచ్చాడని ఒకవైపు, చెల్లాచెదురైన పార్టీని పట్టి నిలిపాడని ఇంకోవైపు. వెంటనే 1952 ఎన్నికలు. అనంతపురంలో ఆయనను కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి ఓడించారు. నాగిరెడ్డి ఎవరంటే ఆయన భార్య నాగరత్నమ్మ గారి సోదరుడు, స్వయానా బావమరిది. ఇల్లూరు గార్లదిన్నె మండలం, తరిమెల పక్కనే శింగనమల మండలం. సంబంధం కలుపుకున్న రెండు ఇళ్లు ఓట్లలో ఎదురెదురు నిలబడ్డాయి. మన జిల్లాలో ఇంత గట్టి కథ ఉంటే మన పిల్లలకు పాఠంగా చెప్పేవాళ్లే లేరు. ఇది చదివి మనవరాలికి అక్కడి నుంచే ఫోను చేశాను.

ఓడిన మనిషి రెండేళ్ల లోపే మళ్లీ పైకి లేచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రెండేళ్ల క్రితం పార్టీ వదిలి వెళ్లిన ప్రకాశం గారు ముఖ్యమంత్రి, ఈయన ఉపముఖ్యమంత్రి. 1955లో బెజవాడ గోపాలరెడ్డి గారి దగ్గర కూడా అదే స్థానం. రెండుసార్లు రెండో కుర్చీలో ఓపిగ్గా కూర్చున్నందువల్లే 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి అయ్యారని నాకు అనిపించింది. ఇక్కడ కుడి వైపు పుస్తకం ఒకటి గట్టిగా నిలదీస్తుంది. ఆంధ్ర, తెలంగాణ కలిసే ముందు రెండు ప్రాంతాల నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతం వారు కావాలి. సంజీవరెడ్డి గారు తెలంగాణ నుంచి ఎవరికీ ఆ పదవి ఇవ్వలేదు. రెండుసార్లు ఆ కుర్చీలోనే కూర్చున్న మనిషి దాని విలువ తెలియక చేశారని అనుకోలేను. ఇది తప్పే. మా జిల్లా వారని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు.

1960లో కాంగ్రెస్ అఖిల భారత అధ్యక్షుడిగా వెళ్లారు. ఆయన స్థానంలో కర్నూలు జిల్లా పెద్దపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1962లో సంజీవరెడ్డి గారు మళ్లీ ఆ పదవిలోకి వచ్చారు. ఈసారి నియోజకవర్గం నా రూటులోని డోన్.

ఇక మనవరాలి ప్రశ్న. తీర్పుల సంపుటి ఇంగ్లీషులో ఉంది. కొట్టు ఆయన పక్కన కూర్చుని ఒక మధ్యాహ్నమంతా దాని సారం చెప్పాడు. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లను ఆర్టీసీకి తీసుకునే పథకం వేశారు. జిల్లా పశ్చిమ భాగపు రూట్లను ముందుకు తెచ్చింది అక్కడి బస్సు యజమానులు ముఖ్యమంత్రికి రాజకీయంగా ఎదురు తిరిగినందువల్లేనని, అదంతా ఆయనే చేయించారని యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంత పెద్ద ఆరోపణ వస్తే, కాదని ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం వేయలేదు. కోర్టు ఆ మౌనాన్ని ఎత్తిచూపి పథకాన్ని కొట్టేసింది. దిగిపొమ్మని కోర్టు అనలేదు. 1964 ఫిబ్రవరిలో ఆయనే దిగిపోయారు.

ఆ సాయంత్రం నా మనసు కుదుటపడలేదు. బస్సులు ప్రజల చేతికి రావడం మంచిదని నమ్మి బతికినవాణ్ణి. రాత్రి పది గంటలకు ఇద్దరే ప్రయాణికులున్నా పల్లెకు బండి పోయిందంటే అది ఆర్టీసీ వల్లే. ఆ మంచి పనిలో పగ కలిసిందన్న మాట చదివితే కడుపులో మెలిపెట్టినట్టయింది. ఎడమ దొంతర తీసి చూస్తే ఆ రాజీనామాను ఆదర్శమని పొగిడారు. రెండూ నిజమేనని నాకు తోచింది. చేసిన పనికి జవాబు చెప్పలేదు, కానీ కుర్చీ పట్టుకుని వేలాడనూ లేదు. మనవరాలు ఉపన్యాసంలో ఈ మాటే చెప్పింది.

కొట్టు గురించి మిగతా సంగతులు. అక్కడే కూర్చుని చదివితే రోజుకు 20 రూపాయలు. ఇంటికి తీసుకెళ్తే పుస్తకానికి రోజుకు 10, డిపాజిట్ 200. పత్రికల బైండింగులు బయటికి ఇవ్వరు, అది న్యాయమే. కొనాలంటే బేరం ఉండదు గానీ ధర అందుబాటులో ఉంటుంది. నేను నాలుగు పుస్తకాలు 360 రూపాయలకు తీసుకున్నాను. ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది. కాగితం పెళుసుబారిన చోట తిప్పడానికి వెదురు పుల్ల ఇస్తారు. చేతులు తుడుచుకోవడానికి తడి గుడ్డ ఉంటుంది. పాత కాగితం మీద ఇంత ప్రేమ చూపే చోటు నేను వేరే చూడలేదు.

లోపాలు కూడా చెప్పాలి. దినపత్రికలను బైండు చేసినప్పుడు ఎవరో అంచులు మరీ లోపలికి కోశారు. చాలా పుటల్లో పైన తేదీ పోయింది. ఏ వార్త ఏ రోజుదో పక్క పుటను బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది. నేను కొన్న ఒక జీవితచరిత్రలో సరిగ్గా 1952 ఓటమి దగ్గర 16 పుటలు లేవు. ఇచ్చే ముందు ఆయన చూడలేదు, నేనూ చూడలేదు. మర్నాడు చెబితే మాట లేకుండా 90 రూపాయలు వెనక్కి ఇచ్చి, పుస్తకం కూడా ఉంచుకోమన్నాడు. లోపలి గదిలో ఉన్నది ఒకే ట్యూబ్‌లైటు, నా వయసు కళ్లకు అది చాలదు. కిటికీ దగ్గరి బల్ల దొరకాలంటే పది లోపే వెళ్లాలి. ఆడపిల్లలు వచ్చి ఎక్కువసేపు కూర్చునే వసతి లేదు. మరుగుదొడ్డికి పక్క హోటలును అడుక్కోవాలి. మా మనవరాలు గంటకే వెళ్లిపోయింది. ఇది ఆయనకు సూటిగా చెప్పాను, వెనుక గది బాగు చేయిస్తానన్నాడు. చేయించే దాకా నేను గుర్తు చేస్తూనే ఉంటాను. రసీదు అడిగితేనే ఇస్తారు, అడిగి తీసుకోండి.

వెళ్లేవాళ్లు ఒక్క పేరు చెప్పి ఊరుకోకండి. ఏ ఏళ్ల సంగతి కావాలో, ఎవరితో తగాదా గురించి కావాలో చెబితే ఆయన వెతికే తీరే మారిపోతుంది. నేను "1964, బస్సులు" అన్నందుకే ఆ తీర్పుల సంపుటి అటక మీద నుంచి దిగింది. మొదట చూపిన అరల్లో అది లేదు.

నా చీటీలో ఇంకా రెండు వరుసలు మిగిలి ఉన్నాయి. ఒకటి 1977: రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా తరఫున ఈయన గెలిచి, ఆ జూలైలోనే పోటీ లేకుండా రాష్ట్రపతి అయిన సంగతి. రెండోది 1979 ఆగస్టు: ప్రధాని చరణ్ సింగ్ రాజీనామా చేశాక జనతా నాయకుడు జగ్జీవన్ రామ్‌ను ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలవకుండా లోక్‌సభను రద్దు చేసిన సంగతి. దానికి కుడి వైపు కట్ట ఎడమ వైపు కట్టకు రెండింతలు ఎత్తుంది. రెండూ కలిపి కిటికీ బల్ల కింద నా పేరు రాసి పక్కన పెట్టించాను. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకే వెళ్తున్నాను.