హలీం నడిమధ్యలో సూది: 14 నెలల వాడకం తర్వాత

కొన్న మొదటి వారంలో, వంటలోకి గుచ్చి లోపలి వేడి చూసే ఈ సూది థర్మామీటర్‌కి నేను రెండు నక్షత్రాలే ఇచ్చాను. మరిగే నీళ్లలో ముంచితే 98.2 చూపించింది. వంద రావాలి కదా, పీసు తేడా అనుకుని వాపస్ పంపడానికి డబ్బాకి టేపు కూడా వేసేశాను. తీరా ఐసు నీళ్లలో పెడితే సరిగ్గా సున్నా. అప్పుడు తట్టింది, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉందని. ఇక్కడ నీళ్లు మరిగేదే 98 దగ్గర. ఆ రివ్యూ తీసేశాను.

మా మామగారికి కిడ్నీ మార్పిడి అయింది. వేసుకునే మందుల వల్ల రోగనిరోధక శక్తి తక్కువ. మాంసం పూర్తిగా ఉడకాలి, మిగిలినవి బాగా వేడిచేసి పెట్టమన్నారు డాక్టరు. బాగా అంటే ఎంత? దానికోసమే కొన్నాం. 'చేత్తో నొక్కి చెప్పేదాన్ని, ఈ సూదులేంటమ్మా' అని అత్తయ్య నవ్వింది.

పోయిన రంజాన్‌లో బయటి హలీం వద్దన్నారని ఇంట్లోనే వండాను. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి దిమ్మలా గట్టిపడింది. గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. ఐదు నిమిషాలకే తప్ తప్ మని బుడగలు, ఒక చుక్క ఎగిరి మణికట్టు మీద కాలింది కూడా. అత్తయ్య బౌల్ పట్టుకుని నిలబడింది. ఊరికే చూద్దామని మధ్యలో గుచ్చితే 41! అడుగుకి దించితే 92. పొయ్యి ఆపి బాగా కలిపితే 63 దగ్గర ఆగింది. కాసిని వేడి నీళ్లు పోసి, సన్న మంట మీద అడుగు దాకా కలుపుతూ, మళ్లీ వేడిచేసినవాటికి రావాల్సిన 74 దాటించేసరికి ఇంకో పది నిమిషాలు. అదే రోజు చారు పొంగు వచ్చేసరికి గిన్నెలో ఎక్కడ పెట్టినా తొంభై పైనే. చారు నీళ్లగా ఉంటుంది కాబట్టి అడుగున కాగింది పైకి లేచి తిరుగుతుంది. హలీం కదలదు. ఆ బుడగలు అడుగున పుట్టిన ఆవిరి దారి చేసుకుని వచ్చినవి, అంతే. నడుమ సూక్ష్మజీవులు హాయిగానే ఉంటాయి.

సీఖ్ కబాబ్ దగ్గర కూడా పనికొచ్చింది. మటన్ ముక్కకైతే క్రిములు ఎక్కువగా పైనే ఉంటాయి, కీమా కొట్టేటప్పుడు అవే లోపలికి కలిసిపోతాయి. పెనం మీద బయట ఎర్రగా కాలిన కబాబ్ లోపల 58 ఉండటం నేనే చూశాను. కీమాకి 71, కోడికి 74 రావాలి. అయితే సెన్సర్ సూది కొసన లేదు, కొంచెం పైన ఉంది. సన్న కబాబ్‌కి పైనుంచి గుచ్చితే తప్పు అంకె వస్తుంది, చివర నుంచి నిలువునా దూర్చాలి. కోడి కాలైతే ఎముకకి తగలకూడదు.

మొదట్లో అందరికీ '74 కనబడితే నిశ్చింత' అని చెప్పేదాన్ని. అది తడి ఉన్న వంటలకే. పల్లీల ముద్ద లాంటి, నూనె ఎక్కువ తడి తక్కువ ఉన్నవాటిలో సాల్మొనెల్లా అనే క్రిమి మొండిది, 90 దగ్గర కూడా చాలాసేపు కొన్ని బతికే ఉంటాయి. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలైతే మరిగినా చావవు. గంటలు గంటలు బయట ఉంచిన అన్నంలో అది విషం వదిలాక ఎంత వేడిచేసినా లాభం లేదు. ఇవేవీ ఈ సూది చెప్పదు.

ఎనిమిదో నెలలో డిస్‌ప్లేలోకి ఆవిరి దూరి అంకెలు సగం మాయమయ్యాయి. బియ్యం డబ్బాలో రెండు రోజులు పెట్టాక తేరుకుంది, కానీ ఓ మూల మసక అలాగే ఉండిపోయింది.

మా ఇంటి పరిస్థితికి నాలుగు నక్షత్రాలు. ఒకటి ఆ ఆవిరికి కోత. ఇంట్లో పేషెంట్లూ పసిపిల్లలూ లేకుండా, ఏ పూటకాపూట వండుకుని తినేవాళ్లయితే మాత్రం గరిటెతో అడుగు దాకా కలిపినా సరిపోతుందేమో.