ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ప్రశ్నలకు జూలిప్ సరిపోతుందా?

రస్ట్ ప్రోగ్రామింగ్ భాష డెవలపర్లు, గణిత నిరూపణలు రాసే లీన్ భాష వాళ్లు వాడుతున్న చాట్ యాప్ జూలిప్. దీని కోడ్‌ను 2015లో ఓపెన్ సోర్స్ చేశారు.

దీని బలమంతా టాపిక్‌లోనే ఉంది. ఛానెల్లో పెట్టే మెసేజ్‌కు టాపిక్ పేరు తోడవుతుంది. "విండోస్‌లో ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతోంది" అని ఒకరు అడిగితే, జవాబు మూడు రోజులు ఆలస్యమైనా ఆ ప్రశ్న కిందే చేరుతుంది. డిస్కార్డ్ మామూలు ఛానెల్లో అయితే ఈలోపు కబుర్లు వచ్చిపడి ప్రశ్న పైకెక్కడికో పోతుంది. చర్చ దారి తప్పితే మోడరేటర్ ఆ మెసేజ్‌లను వేరే టాపిక్‌కు జరపొచ్చు. సమస్య తీరాక రిజాల్వ్ నొక్కితే పేరు ముందు టిక్ పడుతుంది.

కొత్తవాళ్లు మాత్రం "హెల్ప్", "ఎర్రర్" అని టాపిక్ పేర్లు పెడతారు. వాటిని వెంటనే మార్చాలి, లేకపోతే తర్వాత వెతికేవాళ్లకు ఏమీ దొరకదు.

జూలిప్ వాళ్ల సర్వర్లలోనే నడిచే క్లౌడ్ ఉచిత ప్లాన్‌లో చివరి 10,000 మెసేజ్‌లే కనిపిస్తాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు స్టాండర్డ్ ప్లాన్ ఉచితంగా ఇస్తారు, ముందే అప్లై చేయండి. లాగిన్ లేకుండా చదవాలంటే ఛానెల్‌ను వెబ్-పబ్లిక్ చేయాలి. అంతమాత్రాన జవాబులు గూగుల్లో కనిపిస్తాయనుకోవద్దు. అందుకే పదేపదే వచ్చే ప్రశ్నలకు గిట్‌హబ్ డిస్కషన్స్‌లో క్యూ అండ్ ఏ కేటగిరీ తెరిచి, సరైన జవాబును అక్కడ మార్క్ చేయడం మేలు. గిట్‌హబ్‌లో బగ్‌లు రిపోర్ట్ చేసే ఇష్యూల టెంప్లేట్ సెట్టింగుల్లో జూలిప్, డిస్కషన్స్ లింకులు రెండూ పెట్టండి, బగ్ కాని ప్రశ్నలు ఇష్యూల్లోకి రావడం తగ్గుతుంది.