మొదటి ఈత భయం తగ్గింది: సెక్స్‌డ్ సెమెన్‌తో నాలుగేళ్ళు

సెక్స్‌డ్ సెమెన్ అంటే ఆడదూడనిచ్చే కణాలను వేరుచేసి పట్టిన వీర్యం. ఆడదూడలు పుడతాయనే ఎవరైనా దాన్ని వేయిస్తారు. 2021లో నేనూ అందుకే మొదలుపెట్టాను. ఇప్పుడు మాత్రం నా కారణం వేరు. మా పెయ్యలు మొదటి ఈత సుఖంగా ఈనుతున్నాయి.

మాది బెంగళూరు పక్కన, యలహంక దాటాక రాజానుకుంటె దగ్గర. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు. 2020లో ఒక పెయ్యకు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. దూడ ముందుకాళ్ళు బయటికొచ్చి అక్కడే ఆగిపోయాయి. డాక్టరు వచ్చేసరికి చీకటి పడింది. తాడు కట్టి నలుగురం లాగాం. కోడెదూడ, దక్కలేదు. తల్లి మూడు రోజులు లేవలేదు, మాయ పడలేదు. ఆ ఈత పాల డబ్బంతా మందులకే పోయింది. ఆ రాత్రి మా అమ్మ ఆవు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

అందుకే సెక్స్‌డ్ స్ట్రాతో (ఆ వీర్యం నింపిన సన్నటి గొట్టంతో) చూడి కట్టిన తొలి పెయ్యకు నెలలు నిండగానే తాడు, వేడినీళ్ళు, డాక్టరు నంబరు దగ్గర పెట్టుకుని కొట్టంలోనే పడుకున్నాను. తెల్లారుజామున నాలుగింటికి మెలకువ వచ్చి చూస్తే తల్లి అప్పటికే దూడను నాకుతోంది! నేను చెయ్యి వేసే పనే పడలేదు. పొద్దెక్కేలోపు మాయ కూడా పడిపోయింది. పక్క కొట్టం ఆయన తొంగిచూసి "హెణ్ణు కరు" అన్నాడు నవ్వుతూ, ఆడదూడ అని కన్నడంలో. ఆడదూడ సాధారణంగా మగదూడకంటే రెండు మూడు కిలోలు తక్కువగా పుడుతుంది. ఇంకా కటి విచ్చుకోని పెయ్యకు ఆ రెండు మూడు కిలోలే ప్రాణం. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఐదు పెయ్యలు ఈనాయి. డాక్టరును పిలవాల్సి వచ్చింది ఒక్కదానికే, అదీ కోడెదూడ పుట్టినదానికి.

మొత్తం తొమ్మిది ఈతల్లో మగది అదొక్కటే. నూటికి తొంభై ఆడవే పుడతాయని చెప్పిన లెక్క మా కొట్టంలో నిజమే అయింది.

ఆ సంబరంలో కనబడ్డవాళ్ళందరికీ అన్ని ఆవులకూ ఇదే వేయించమని చెప్పాను. అలా చెప్పి ఉండకూడదు. ఆడదూడనిచ్చే ఎక్స్ వీర్యకణంలో మగదూడనిచ్చే వై కణంకంటే డీఎన్‌ఏ 4 శాతం దాకా ఎక్కువ ఉంటుంది. రంగు పట్టించి, లేజరు వెలుగులో ఒక్కొక్క కణాన్నీ వేరుచేసేది ఆ తేడా పట్టుకునే. ఆ రాపిడికి కణాలు నీరసిస్తాయి. పైగా మామూలు స్ట్రాలో 2 కోట్లుంటే ఇందులో ఉండేవి 20 లక్షలే. మొదట్లో పెద్దావులు మూడింటికి నిలిచింది గానీ, నాలుగో ఈత ఆవొకటి మూడుసార్లు వేయించినా తిరిగి ఎదకొచ్చింది. ఇరవయ్యొక్క రోజుల చొప్పున రెండు నెలలు పోయాయి, మేత ఖర్చు మాత్రం ఆగలేదు. చివరికి మామూలు స్ట్రాతోనే కట్టింది. అప్పట్నుంచి పెద్దావులకు మామూలుదే.

పెయ్యలకైనా వేళ చాలా ముఖ్యం. పొద్దున ఎదకొచ్చి జిగట తీగలు వేసి, ఇంకో ఆవు మీదెక్కితే కదలకుండా నిలబడిన పెయ్యకు ఆ సాయంత్రమే వేయిస్తే మా దగ్గర ఎక్కువసార్లు పోయింది. రాత్రి బాగా పొద్దుపోయాక వేయించినవి నిలిచాయి. మా ఏఐ (కృత్రిమ గర్భధారణ) చేసే అబ్బాయి రాత్రి పదింటికి పిలిచినా వస్తాడు, స్ట్రాను థర్మామీటరు పెట్టి 37 డిగ్రీల నీళ్ళలోనే కరిగిస్తాడు. అలాంటి మనిషి అందుబాటులో లేనివాళ్ళకు నా ఫలితం రాకపోవచ్చు.

ధర సంగతి పెద్దగా చెప్పను, మొదట్లో ఉన్నంత భారం ఇప్పుడు లేదు. అసలు బరువు దూడల మేత. పుట్టినవన్నీ ఆడవే అయితే అన్నిటినీ రెండేళ్ళకు పైగా పాలు లేకుండానే మేపాలి. నాకు ఎకరంలో నేపియర్ గడ్డి ఉంది కాబట్టి సాగుతోంది. గడ్డంతా కొని మేపేవాళ్ళు ఒకటి రెండు పెయ్యలకే వేయించి చూడటం మంచిదనిపిస్తుంది.

ఆ తెల్లారుజామున పుట్టిన దూడే వచ్చే నెల మొదటి ఈతకొస్తోంది. దానికీ సెక్స్‌డ్ స్ట్రానే వేయించాను. అయినా కొట్టంలోనే పడుకుంటాను.