ఉబ్బసం ఉన్న పిల్లల గదికి ఏది మేలు: ప్యూరిఫైయరా, ఏసీనా, దోమతెరా?

డాక్టరు ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం రాసిచ్చి "ఇంట్లో పొగ, దుమ్ము లేకుండా చూసుకోండి" అని పంపిస్తారు. ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు టెన్షన్. బంధువుల్లో ఒకరు ఎయిర్ ప్యూరిఫైయర్ కొనమంటారు, ఇంకొకరు ఏసీ పెట్టించమంటారు, ఇంట్లో పెద్దవాళ్లేమో సాంబ్రాణి వేస్తే ఛాతీ తేలికపడుతుందంటారు. చేతిలో పదిహేను వేలున్నాయనుకుందాం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో ఆ డబ్బు ఎక్కడ పెడితే పిల్లాడి ఆయాసం తగ్గుతుంది?

నా లెక్క ముందే చెప్పేస్తాను: మొదట దోమతెర, తర్వాత పడక, ఆ తర్వాతే మెషిన్. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి లాంటి చోట ఈ వరుస కొంచెం మారుతుంది. ఏం చేసినా డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలర్ మాత్రం మానొద్దు. మందు తగ్గించాలా వద్దా అన్నది ఆయన చూసి చెప్పాల్సిన విషయం.

ప్యూరిఫైయర్‌ను తీసిపారేయడానికి లేదు. అందులో ఉండే మంచి హెపా ఫిల్టరు, అంటే సన్న కణాల్ని పట్టే మడతల జల్లెడ, 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 99.97 శాతం పట్టేస్తుంది. అయితే అది మూసిన గదిలో చేసే పని. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెల్లూరులో ఏసీ లేని గదిలో కిటికీలు మూసుకుని ఎవరు పడుకోగలరు? రోహిణి కార్తెలో అయితే తెరిచిపెట్టినా నిద్ర పట్టదు. కిటికీ తీసి ప్యూరిఫైయర్ నడిపితే అది రాత్రంతా వీధిలో గాలిని వడకడుతూ కూర్చుంటుంది. అంటే పదిహేను వేల మెషిన్ వెనకాలే ముప్పై వేల ఏసీ కూడా రావాలి. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

మరి ఏసీ ఒక్కటే పెట్టిస్తే? ఏసీలో ఉండే జాలీ పెద్ద దుమ్మును ఆపుతుంది, పొగలోని సన్న కణాల్ని ఆపలేదు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, గదిలో గాలినే తిప్పుతుంది. కాబట్టి పక్క గదిలో అగరుబత్తి వెలిగించి ఈ గదిలో ఏసీ వేసి లాభం లేదు. దాని మేలు రెండు రకాలు: కిటికీలు మూసే వీలిస్తుంది, గాలిలో తేమ తీసేస్తుంది. తేమ సంగతి మనకు చాలా ముఖ్యం. పరుపుల్లో, దిండ్లలో బతికే కంటికి కనిపించని డస్ట్ మైట్లు గాలిలోని తేమను పీల్చుకునే బతుకుతాయి, తేమ యాభై శాతం లోపు నిలబడితే ఎండిపోతాయి. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిన రోజుల్లో ఆ లెక్క ఎప్పుడూ డెబ్బై దాటే ఉంటుంది. కానీ ఒక చిక్కు ఉంది. ముసురు రోజుల్లో గది ముందే చల్లగా ఉంటుంది కాబట్టి ఏసీ కాసేపు తిరిగి ఆగిపోతుంది, తేమ అలాగే మిగిలిపోతుంది. ఆ రోజుల్లో డ్రై మోడ్‌లో పెట్టాలి. జాలీని పదిహేను రోజులకోసారి కడగాలి. టన్ను ఏసీ గంటకు దాదాపు యూనిట్ కరెంటు తింటుంది, ప్యూరిఫైయర్‌కు సీలింగ్ ఫ్యాన్ అంత కూడా అక్కర్లేదు. ఎయిర్ కూలర్ మాత్రం ఈ పిల్లల గదిలో వద్దే వద్దు, అది తేమను ఇంకా పెంచుతుంది.

ఇక దోమల సంగతి. నెల్లూరు దోమల గురించి ఊళ్లోవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. సాయంత్రం ఆరు కాగానే ఇంటింటా కాయిల్ వెలుగుతుంది, అదీ పిల్లల మంచం కిందే. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినప్పుడు వచ్చేదానికి సమానమని తేలింది. ఇంట్లో ఎవరైనా పిల్లాడి పక్కన ఒక్క సిగరెట్ కాల్చినా ఊరుకోం, కాయిల్ మాత్రం మనమే వెలిగించి తలుపేసి వస్తాం. దోమల కోసం కాగితం కార్డులు కాల్చడం కూడా ఆ దారిలోదే. ప్లగ్‌కు పెట్టే లిక్విడ్ మెషిన్‌లో పొగ రాదు, కాయిల్ కంటే మెరుగే, కానీ ఆ మందు వాసనకే కొందరు పిల్లలకు దగ్గు ఎత్తుకుంటుంది. పైగా కరెంటు పోతే అది ఆగిపోతుంది, మళ్లీ కాయిలే దిక్కు. దోమతెరకు కరెంటు అక్కర్లేదు, రీఫిల్ అక్కర్లేదు, వాసన లేదు. నాలుగైదు వందల్లో వస్తుంది. దాని మీద దుమ్ము పేరుకుంటుంది కాబట్టి రెండు వారాలకోసారి ఉతికితే చాలు. కిటికీలకు జాలీ కొట్టిస్తే ఇంకా మంచిది. కాయిల్ వెలిగిస్తూ పక్కనే ప్యూరిఫైయర్ నడిపే ఇళ్లున్నాయి. ఫిల్టరు మూణ్ణెల్లకే నల్లబడిందని వాపోతే ఏం లాభం?

సాంబ్రాణి, అగరుబత్తి గురించి చెప్పడం కొంచెం ఇబ్బందే. చంటిపిల్లకు తలంటి పోశాక సాంబ్రాణి పట్టడం అమ్మమ్మల కాలం నుంచి వస్తున్నదే. కానీ గ్రాముకు గ్రాము చూస్తే అగరుబత్తి వదిలే కణాలు సిగరెట్ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. దేవుడి దగ్గర పూలు, నూనె దీపం పెట్టి, అగరుబత్తిని తులసికోట దగ్గరికి మార్చితే పూజకేమీ లోటు రాదు. పెద్దవాళ్లను ఒప్పించడానికి డాక్టరు చేతే ఒక మాట చెప్పించండి, మనం చెబితే వినరు.

పడక దగ్గరికొస్తే, మెషిన్లన్నీ చేతులెత్తేసేది ఇక్కడే. మైట్ల విసర్జనే ఉబ్బసాన్ని రేపేది. ఆ కణాలు బరువైనవి, పిల్లాడు దొర్లినప్పుడు లేచి కొద్ది నిమిషాల్లో మళ్లీ దుప్పటి మీదే పడతాయి. ముక్కు దిండులో ఉంటే, గది మూలన ఉన్న ప్యూరిఫైయర్ ఏం చేస్తుంది? ఏళ్ల నాటి బూరుగు దూది దిండు, దూది పరుపు ఉంటే ముందు వాటిని ఆ గదిలోంచి తీసేయాలి. పరుపుకు, దిండుకు మైట్లు దాటలేని సన్న నేత జిప్పు కవర్లు వేసి, దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. పరుపును మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఎండబెట్టడం మంచి అలవాటే, మైట్లు చస్తాయి కూడా. కానీ చచ్చిన పురుగు, దాని విసర్జన అందులోనే ఉంటాయి, కాబట్టి ఎండతో పాటు కవరు కూడా కావాలి. డబ్బు మరీ ఇబ్బందైతే చాప మీద ఉతికిన బొంత పరిచి పడుకోబెట్టడం పాత పరుపు కంటే మేలు. బొచ్చు బొమ్మల్ని ఒక రోజు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి ఉతికితే సరి. చీపురుతో పొడిగా ఊడిస్తే దుమ్మంతా లేస్తుంది, తడిగుడ్డ పెట్టాలి, అదీ పిల్లాడు బడికి వెళ్లాక.

వంటింట్లో ఎండుమిరప పోపు ఘాటుకు పెద్దవాళ్లకే దగ్గొస్తుంది. పైపు లేని చిమ్నీ నూనె జిడ్డును పట్టుకుని గాలిని మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. దానికంటే గోడలో బిగించిన మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ నయం. గ్యాస్ మంటలోంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, ఇండక్షన్ స్టౌలో రాదు. పెరట్లో వేణ్ణీళ్ల పొయ్యి ఉంటే అది పిల్లల కిటికీకి ఎదురుగా ఉందేమో చూసుకోండి. బొద్దింకలకు స్ప్రే కొట్టే బదులు మూలల్లో జెల్ చుక్కలు పెట్టండి, వాటి వల్ల కూడా ఉబ్బసం రేగుతుంది. మనీ ప్లాంట్లు చూడ్డానికి బాగుంటాయి, గాలి శుభ్రం చేస్తాయన్నది మాత్రం ఇంట్లో లెక్కకు రానంత తక్కువ.

ప్రకాశంలో కథ వేరు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలు, రాయి కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు, ఆ రోడ్డు మీద లారీలు: అక్కడ దుమ్ము బయటి నుంచే ఇంట్లోకి వస్తుంది. టంగుటూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడికి ఆరబెట్టే కొట్లు, నడిచే నెలల్లో పొగ ఉండనే ఉంటుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల జాబితాలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. క్వారీకి, బ్యారన్‌కు దగ్గరున్న ఇంట్లో రోడ్డు వైపు కిటికీలు మూసి, దోమతెర తర్వాత నేరుగా ప్యూరిఫైయర్ కొనడమే సరైన ఖర్చు అంటాను. పొగాకు బేళ్లు నిల్వ చేసిన గదిలో మాత్రం పిల్లల్ని పడుకోబెట్టొద్దు, ఏ మెషిన్ ఉన్నా సరే. నెల్లూరు పల్లెల్లో వరికోతల దుమ్ము లేచినప్పుడు కూడా కొన్ని రోజులు ఇలాగే కిటికీలు మూయాల్సి వస్తుంది.

ప్యూరిఫైయర్ కొనాలనే నిర్ణయించుకుంటే అట్టపెట్టె మీద సీఏడీఆర్ అనే అంకె చూడండి, గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో అది చెబుతుంది. పదడుగుల ఎత్తున్న పది బై పన్నెండు అడుగుల గదికి గంటకు 170 ఘనపు మీటర్లయినా ఉండాలి. ఆ అంకె పూర్తి వేగంలోది, రాత్రి చప్పుడు భరించలేక స్లీప్ మోడ్‌లో పెడితే సగం కూడా రాదు, కాబట్టి కొంచెం పెద్దదే తీసుకోవాలి. ఓజోన్ వదిలే రకం వద్దు, అయొనైజర్ (గాలిలోని కణాలకు విద్యుదావేశం ఇచ్చే భాగం, దాన్నుంచీ ఓజోన్ రావచ్చు) ఉంటే ఆపేసే బటన్ ఉండాలి. ఓజోన్ ఊపిరితిత్తులను రేపుతుంది. చివరగా, దాని ఫిల్టరు ఖరీదెంత, ఊళ్లో దొరుకుతుందా అని కొనకముందే అడగండి.